ఆపరేషన్ సరే, ఆ తర్వాత ఇంట్లో ఎట్లా? నల్లగొండ, పాలమూరు వాళ్లు చెప్పండి

మూసీ_ఒడ్డు
నేను ట్రాన్స్ ఉమన్‌ని, మిర్యాలగూడ దగ్గర ఊరు మాది. సంక్రాంతి దాటాక హైదరాబాద్‌లో నాకు వెజైనోప్లాస్టీకి, అంటే యోని ఏర్పరిచే ఆపరేషన్‌కు, డేట్ ఇచ్చారు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన డేట్. ఏ డాక్టర్, ఎంత ఖర్చు, మానసిక వైద్యుల లెటర్లు ఏవి కావాలి, వెంట్రుకలు తీసే లేజర్ సిట్టింగులు ఎన్ని అని అడిగితే చెప్పేవాళ్లు బోలెడు మంది ఉన్నారు. ఇంటికొచ్చాక ఎట్లా ఉంటుందని అడిగితే మాత్రం "అంతా మంచిగనే అయితది, టెన్షన్ పడకు" అని మాట దాటేస్తున్నారు. నాకు ఓదార్పు వద్దు, వివరాలు కావాలి.

ఆసుపత్రి వాళ్లు ఇంగ్లిష్‌లో ఒక కాగితం ఇచ్చారు. రెస్ట్, డైట్, డైలేషన్ (కొత్త దారి పూడిపోకుండా డైలేటర్ అనే కడ్డీలాంటిది లోపల పెట్టి ఉంచడం) అని ఉంది అందులో. మాది ఒక గది, ఒక వంటిల్లు, దొడ్లో నేల మీద కూర్చునే లెట్రిన్. అమ్మ నా దగ్గరే ఉంటానంది, అదే నాకు కొండంత ధైర్యం. కానీ ఇప్పటి నుంచే పథ్యం లెక్కలు చెబుతోంది. పప్పు వద్దు, గుడ్డు వద్దు, వంకాయ వద్దు, పెరుగు వద్దు, చీము పడుతుందట. మా హిజ్రా ఇంటికి పెద్ద అయిన గురువమ్మేమో నలభై రోజులు గడప దాటొద్దు, నీళ్లు తక్కువ తాగు అంటోంది. ఎవరి మాట వినాలి? డిశ్చార్జ్ అయ్యాక హైదరాబాద్‌లో ఎన్నాళ్లు ఉండాలి? ఇంట్లో ముందే ఏమేం సర్దిపెట్టుకోవాలి? ఆపరేషన్ అయినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

కల్వకుర్తి_చెల్లె
నాకూ అదే ఆపరేషన్ అయింది. ముందు లెట్రిన్ సంగతి తేల్చుకో, మిగతావన్నీ తర్వాత. గొంతుక్కూర్చుంటే బరువంతా కింద కుట్ల మీద పడుతుంది. కొన్ని వారాల పాటు అట్లా కూర్చోనే కూడదు. సర్జికల్ సామాన్లు అమ్మే దుకాణంలో కమోడ్ కుర్చీ దొరుకుతుంది. మధ్యలో రంధ్రం, కింద బకెట్, ముసలివాళ్లకు వాడేదే. ఆపరేషన్‌కు పోకముందే తెచ్చి ఇంట్లో పెట్టి, కూర్చుని లేచి చూసుకో. రాత్రిపూట మంచానికి రెండడుగుల దూరంలో ఉండాలి అది.

తర్వాత మంచం. నులక మంచం మధ్యలో కుంగుతుంది. అందులోంచి లేవాలంటే పొట్ట బిగబట్టాలి, అప్పుడు కింద ప్రాణం పోతుంది. నేల మీద చాప కూడా వద్దు. మోకాలి ఎత్తు మంచం, గట్టి పరుపు. లేచేటప్పుడు పక్కకు తిరిగి, మోచేయి ఆనించి, కాళ్లు కిందికి వదిలి లేవాలి. ఇది ముందే అలవాటు చేసుకో.

హైదరాబాద్ మకాం గురించి. మామూలుగా ఐదు నుంచి ఏడు రోజుల మధ్యలో కొత్త దారిలో కుక్కిన గుడ్డ ప్యాకింగ్ తీస్తారు, మూత్రం పోయే గొట్టం (కాథెటర్) కూడా అటూఇటుగా అప్పుడే తీస్తారు. ఆ రోజు మూత్రం సొంతంగా వస్తుందా అన్నదే పెద్ద విషయం. కొందరికి వాపు వల్ల రాదు, మళ్లీ కాథెటర్ వేసి కొన్ని రోజులు ఉంచుతారు. అదేం ఘోరం కాదు. కానీ ఆ అవస్థ నువ్వు మిర్యాలగూడలో ఉన్నప్పుడు అర్ధరాత్రి మొదలైతే ఎక్కడికి పోతావు? డిశ్చార్జ్ కాగానే ఊరికి బయల్దేరకు. ఆసుపత్రికి ఆటో దూరంలో గది తీసుకుని రెండు వారాలైనా ఉండు, చెకప్‌లో డాక్టర్ పొమ్మన్నాకే కదులు.

డైలేషన్ మీద ఇంకో పోస్ట్ పెడతాను, అది పెద్ద ముచ్చట.

తమ్ముడు_నకిరేకల్
మా అక్కకు కూడా వచ్చే ఏడాది చేయించాలనుకుంటున్నాం. కమోడ్ కుర్చీ అన్న మాట ఇప్పటిదాకా ఒక్కరి నోటా వినలేదు. చదువుతూనే ఉన్నాను, రాస్తూ ఉండండి.

పాలమూరు_పోరడు
కల్వకుర్తి చెల్లె చెప్పింది నిజమే కానీ, హైదరాబాద్‌లో రెండు వారాలు గది అంటే మాటలా? ఇద్దరి తిండి, ఆటోలు, మందులు. మిర్యాలగూడకు బస్సు ఉంది, పైగా మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకూ ట్రాన్స్‌జెండర్లకూ టికెట్‌కు డబ్బుల్లేవు. మా దగ్గర చాలా మంది అట్లనే వచ్చారు.

కల్వకుర్తి_చెల్లె
@పాలమూరు_పోరడు టికెట్ లేకపోవడం మంచిదే, 2023 డిసెంబర్ నుంచి నేనూ అట్లనే తిరుగుతున్నాను. చెకప్‌లకు కొన్ని నెలల తర్వాత పోవడానికి అది బంగారం. కానీ పచ్చి కుట్లతో పల్లె వెలుగులో, స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరిపడుతూ మూడు నాలుగు గంటలు? సీటు దొరక్కపోతే నిలబడి? ఆ ఒక్క ప్రయాణానికి కారు మాట్లాడుకోవాల్సిందే. గుండ్రంగా మధ్యలో ఖాళీ ఉండే దిండు కింద పెట్టుకుని, సీటు బాగా వెనక్కి వాల్చి కూర్చోవాలి. గంటకోసారి ఆపించి నాలుగడుగులు నడవాలి. చౌటుప్పల్‌లో ఒకసారి, నార్కట్‌పల్లిలో ఒకసారి ఆగితే సరిపోతుంది.

డ్యూటీ_సిస్టర్
నల్లగొండలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తాను, సర్జికల్ వార్డులో ఏళ్లుగా ఉన్నాను. ఆ గంటకోసారి నడక ఊరికే చెప్పింది కాదు. పెద్ద ఆపరేషన్ తర్వాత కదలకుండా ఉంటే కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టొచ్చు, ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదికొస్తుంది. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి పోవాలి.

ఇక పథ్యం. అమ్మతో గొడవ పడకు, కానీ ఈ విషయంలో అమ్మ మాట వినకు. పప్పు తింటే చీము పడుతుందన్నది మన ఊళ్లలో అందరి ఇళ్లలోనూ ఉన్న నమ్మకమే. చీము క్రిముల వల్ల వస్తుంది, కందిపప్పు వల్ల రాదు. గాయం మానాలంటే శరీరానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చికెన్, చేప ఆపేసి కారప్పొడి అన్నం, చారన్నం పెడితే గాయం మానడానికి సరుకెక్కడిది? మా వార్డులో కుట్లు విడిపోయి మళ్లీ వచ్చేవాళ్లలో చాలా మంది ఇంటికెళ్లి పథ్యం చేసినవాళ్లే. షుగర్, ఎలర్జీ లాంటివి ఉంటే ఆ లెక్క వేరు, అది డాక్టర్ చెబుతారు.

నీళ్లు తక్కువ తాగమన్నది మరీ ప్రమాదం. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్లన్నీ లాగుతాయి. డాక్టర్ వద్దంటే తప్ప రోజుకు రెండున్నర, మూడు లీటర్లు తాగాలి. మర్రిగూడ, నాంపల్లి వైపు వాళ్లు బోరు నీళ్లు కాకుండా మిషన్ భగీరథ నల్లా నీళ్లో, ఫిల్టర్ నీళ్లో తాగండి. ఆ బోర్ల ఫ్లోరైడ్ సంగతి మనకు ఒకరు చెప్పాలా. నొప్పి మందుల్లో కొన్నిటికి మలబద్ధకం ఖాయం, అందుకే మలం మెత్తబడే మందు ఏదైనా మొదటి రోజు నుంచే వేసుకోవచ్చా అని డిశ్చార్జ్ అప్పుడే అడిగి రాయించుకోండి.

సూర్యాపేట_పెద్దమ్మ
సిస్టరమ్మా, నువ్వు చెప్పింది కాదనను. కానీ నలభై రోజులు అనగానే పాతకాలపు మూఢనమ్మకం అని పిల్లలు కొట్టిపారేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. నాది దాయమ్మ చేతి నిర్వాణం, అంటే మా హిజ్రాల్లోని పెద్దావిడే అంగం కోసి తీసేసింది. మత్తు లేదు, డాక్టర్ లేడు. చనిపోయినవాళ్లను కూడా చూశాను, వాళ్ల పేర్లు ఇప్పటికీ తలుచుకుంటాను. ఆ పద్ధతి మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు, ఏ బిడ్డకూ ఆ గతి పట్టకూడదు.

ఆ నలభై రోజులు మాత్రం నన్ను ఎవరూ చెంబెడు నీళ్లు కూడా ఎత్తనివ్వలేదు. నా గురుభాయిలు, అంటే ఒకే గురువు దగ్గరి శిష్యులు, వంతులు వేసుకుని పక్కన కూర్చున్నారు, వేడి నీళ్లు కాచారు, రాత్రంతా దీపం పెట్టుకుని మేల్కొన్నారు. దుకాణాల్లో డబ్బు అడగడానికి పోయినవాళ్లు నా వంతు డబ్బు కూడా తెచ్చి పెట్టారు. నలభయ్యో రోజు పసుపు రాసి, గోరింటాకు పెట్టి, కొత్త చీర కట్టించారు. ఇప్పుడు పిల్లలు లక్షలు పోసి మంచి ఆసుపత్రిలో చేయించుకుంటున్నారు, వారం తిరగ్గానే ఒంటరి గదిలో ఫోన్ పట్టుకుని ఏడుస్తున్నారు. మనిషి పక్కన ఉండాలి. మీ గురువమ్మ నలభై రోజులు అన్నది దాని కోసం. నీళ్ల మాట వదిలెయ్, మిగతాది విను.

డ్యూటీ_సిస్టర్
పెద్దమ్మా, ఒప్పుకున్నాను. నలభై రోజులంటే ఆరు వారాలకు దగ్గర. మేం కూడా ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువులు, బండి, ఈత, పొలం పని వద్దనే చెబుతాం. ఒక్క తేడా. గడప దాటొద్దంటే మంచానికే అతుక్కుపోవడం కాదు. రోజూ ఇంట్లోనే మెల్లగా నడవాలి.

పాత అలవాట్లలో ఇంకో రెండు ఆపాలి. వేడి నూనె పోయడం, గాయం మీద పసుపు పెట్టడం. పసుపు వంటలో వేసుకోండి, కుట్ల మీద వద్దు.

గద్వాల_మగ్గం
నేను ట్రాన్స్ మ్యాన్‌ని, పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు. ఛాతీ ఆపరేషన్, అంటే రొమ్ములు తీసేసే ఆపరేషన్ చేయించుకున్నాను. ఇక్కడ అంతా కింది ఆపరేషన్ ముచ్చటే నడుస్తోంది, మా వాళ్ల కోసం నాలుగు మాటలు రాస్తాను.

రెండు పక్కలా డ్రెయిన్ పైపులు పెట్టారు, చివర చిన్న డబ్బాల్లాంటివి. అందులో ఎర్రటి నీళ్లు దిగుతుంటే మొదటి రోజు చూసి కళ్లు తిరిగాయి. రోజూ ఎంత దిగిందో నోట్‌బుక్‌లో రాయాలి. తగ్గుతూ పోవాలి, ఎరుపు పోయి పసుపు రంగులోకి మారాలి. వారం అటూఇటుగా తీసేస్తారు. ఒక పక్క మాత్రమే ఉన్నట్టుండి ఉబ్బి గట్టిపడితే లోపల రక్తం చేరినట్టు, వెంటనే పోవాలి. మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువగా వస్తుందట ఆ సమస్య.

పైన బిగుతు బనియన్ లాంటి వెస్ట్. నాలుగైదు వారాలు రాత్రీపగలూ. నాది ఎండాకాలంలో అయింది, గద్వాల ఎండ ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. మీకు డేట్ ఎంచుకునే వీలుంటే చలికాలం తీసుకోండి. వెస్టులు రెండు కొనండి, ఒకటి ఉతికితే ఒకటి వేసుకోవడానికి.

చేతులు భుజం కన్నా పైకి ఎత్తొద్దన్నారు. నాది గుంట మగ్గం. ఒక చేత్తో నాడె కొట్టాలి, ఇంకో చేత్తో పన్నె లాగాలి, రెండు చేతులకూ ఛాతీ నుంచే బలం వస్తుంది. నెల దాటాక పర్వాలేదేమో అని అనుకున్నాను, మా డాక్టర్ ఇంకా వద్దన్నారు. అప్పుడు మా నాన్న నన్ను కండెలు చుట్టే పనిలో కూర్చోబెట్టాడు. చీర మాత్రం తనే నేశాడు. తర్వాత రోజుకు గంట, రెండు గంటలు అట్లా పెంచుకుంటూ మగ్గం ఎక్కాను. కూలి పని, హమాలీ పని చేసేవాళ్లు ముందే తేలికపాటి పని ఏదైనా చూసి పెట్టుకోండి. డబ్బు లేక తొందరపడి బరువులెత్తితే మచ్చ వెడల్పుగా సాగుతుంది, అది మళ్లీ సన్నబడదు.

జడ్చర్ల_జంక్షన్
@గద్వాల_మగ్గం అన్నా, ఇల్లు కూడా ముందే సర్దుకోవాలి కదా. పై అరలో ఉన్నవన్నీ నడుము ఎత్తుకు దింపుకున్నాను. చొక్కాలన్నీ ముందు గుండీలవే, తల మీంచి తొడిగే టీషర్టులు బంద్. ఫోన్ చార్జర్ వైర్ మంచం దగ్గరికి వచ్చేట్టు పెట్టుకున్నాను. తలగడలు నాలుగు పెట్టి సగం కూర్చున్నట్టు పడుకోవాలి. నేను బోర్లా పడుకునే మనిషిని, అది చాలా కష్టమైంది.

గద్వాల_మగ్గం
అవును. తలకు నూనె పెట్టుకోవడం కూడా చేత కాదు. మా చెల్లె రోజూ తల దువ్వేది, చిన్నప్పుడు దానికి నేను వేసిన వంకర జడలకు బదులు తీర్చుకుంటున్నానని నవ్వేది. దగ్గితే, తుమ్మితే నొప్పి, నవ్వితే ఇంకా నొప్పి. మా చెల్లెకు అది తెలిసి కూడా ఆపేది కాదు.

మూసీ_ఒడ్డు
ఇన్ని విషయాలు ఎవరూ చెప్పలేదు. కమోడ్ కుర్చీ, మంచం, కారు రాసుకున్నాను. @డ్యూటీ_సిస్టర్ సిస్టర్, హార్మోన్లు ఆపాలా? ఒకరు నెల ముందు ఆపమన్నారు, ఒకరు అక్కర్లేదన్నారు. @కల్వకుర్తి_చెల్లె అక్కా, డైలేషన్ పోస్ట్ కోసం చూస్తున్నాను.

డ్యూటీ_సిస్టర్
రెండూ విని ఉంటావు, ఎందుకంటే డాక్టర్లలోనే తేడా ఉంది. కొందరు రక్తం గడ్డకట్టే భయంతో ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ రెండు నుంచి నాలుగు వారాల ముందు ఆపిస్తారు, కొందరు ఆపించరు. నీ వయసు, బరువు, వాడే మందు, సిగరెట్ అలవాటు చూసి నీ సర్జన్, హార్మోన్ల డాక్టర్ (ఎండోక్రైనాలజిస్ట్) కలిసి చెప్పాలి. సొంతంగా ఆపకు, దాచిపెట్టి వాడకు. ఆపరేషన్ తర్వాత మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ముందే అడుగు. వృషణాలు తీసేశాక మగ హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను అణిచే మాత్రలతో సాధారణంగా పని ఉండదు, కానీ ఈస్ట్రోజన్ దీర్ఘకాలం వాడాల్సిందే. లేకపోతే ఎముకలు గుల్లబారతాయి. అండాశయాలు తీయించుకున్న అన్నలకు కూడా అంతే, టెస్టోస్టిరాన్ మానొద్దు.

సిగరెట్, బీడీ, గుట్కా, ఖైనీ కనీసం నాలుగు వారాల ముందు పూర్తిగా మానాలి, గాయం మానేదాకా ముట్టకూడదు. నికోటిన్ రక్తనాళాలను సన్నగా చేస్తుంది. చర్మానికి రక్తం అందకపోతే అంచులు నల్లబడి కుళ్లిపోతాయి. కొందరికి ఛాతీ ఆపరేషన్‌లో చనుమొనలు తీసి మళ్లీ అతికిస్తారు కదా, అవి నిలవాలన్నా ఇదే.

పాలమూరు, నల్లగొండ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. రోజూ కల్లు తాగే అలవాటుంటే ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. మన దుకాణాల కల్లులో చాలా చోట్ల అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తు మందులు కలుపుతారు. ఆసుపత్రిలో చేరి ఒక్కసారిగా ఆగిపోగానే చేతులు వణకడం, పిచ్చిగా మాట్లాడడం, ఫిట్స్ రావడం మేం చూస్తుంటాం. ముందే తెలిస్తే కొన్ని వారాల్లో మెల్లగా మాన్పించే మందు ఇస్తారు. ఎవరూ తిట్టరు. తిడితే ఇంకో డాక్టర్‌ను అడగండి, కానీ చెప్పడం మాత్రం మానొద్దు.

పాలమూరు_పోరడు
కల్లు ముచ్చట ఏ కాగితంలోనూ ఉండదు సిస్టర్. మా బాబాయికి హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు ఇదే జరిగింది, గాలి సోకిందని భూతవైద్యుణ్ని పిలుద్దామన్నారు ఇంట్లో.

కల్వకుర్తి_చెల్లె
డైలేషన్. ప్యాకింగ్ తీశాక డాక్టరో నర్సో దగ్గరుండి నేర్పిస్తారు. సిగ్గుపడి "తెలిసింది" అనేసి రావొద్దు. వాళ్ల ముందు నీ చేత్తో చేసి చూపించు. ఏ కోణంలో పోవాలి, డైలేటర్ మీద ఏ గుర్తు దాకా పోవాలి, ఎంతసేపు ఉంచాలి, పెద్ద సైజుకు ఎప్పుడు మారాలి, అన్నీ అడిగి తెలుగులో రాసుకో. మొదటి మూడు నెలలు రోజుకు మూడుసార్లు అని చాలా మంది చెబుతారు. తర్వాత తగ్గిస్తూ పోతారు, ఏడాది దాటాక వారానికి ఒకటి రెండుసార్లకు వస్తుంది. ఆ మొదటి నెలల్లో శరీరం ఆ దారిని గాయం అనుకుని పూడ్చేయాలనే చూస్తుంది. అప్పుడు వదిలేస్తే పోయిన లోతు మళ్లీ తెచ్చుకోవడం చాలా కష్టం, ఒక్కోసారి ఇంకో ఆపరేషన్ దాకా పోతుంది.

ఒక్క గది ఇంట్లో ఎట్లా అంటావా. అమ్మతో ముందే మాట్లాడుకో, ఈ మూడు వేళల్లో తలుపు వేసుకుంటాను, ఎవరొచ్చినా పంపించెయ్ అని. మాకు తలుపుకు గడియ లేదు. ఆపరేషన్‌కు పోయేముందు వడ్రంగిని పిలిపించి లోపలి గడియ పెట్టించాను. ఒక ట్రేలో డైలేటర్లు, జెల్, ప్యాడ్లు, చిన్న అద్దం, ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలు చీర ముక్కలు. నీళ్ల ఆధారంగా తయారైన జెల్ మాత్రమే వాడాలి. కొబ్బరినూనె, ఆముదం, వ్యాజలీన్ వద్దు. అయిపోయాక సబ్బు, గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టి గుడ్డలో చుట్టి పెట్టు. చేసే ముందు మూత్రానికి వెళ్లి రా, నొప్పి మాత్ర అరగంట ముందు వేసుకో. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, మెల్లగా ఊపిరి వదులుతుంటే కండరం వదులవుతుంది. కొంచెం రక్తం మరకలా కనిపిస్తుంది, అది ఉంటుంది. బలవంతంగా మాత్రం తొయ్యొద్దు.

కొన్ని వారాల పాటు పసుపు, గోధుమ రంగుల్లో స్రావం వస్తుంది, వాసన కూడా ఉంటుంది. మొదట అది చూసి కుళ్లిపోయిందని గుండె జారిపోయింది నాకు. వాపు కూడా ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటుంది. మూత్రం ధార పక్కలకు చిమ్ముతుంది. ఇవన్నీ నెలల మీద సర్దుకుంటాయి. అసలు రూపం రావడానికి ఏడాది దాకా పడుతుంది. రెండో నెలలో అద్దంలో చూసి తీర్పు చెప్పుకోకు.

సూర్యాపేట_పెద్దమ్మ
మా కాలంలో నలభై రోజులు అద్దమే చూడనిచ్చేవాళ్లు కాదు. ఎందుకో ఇప్పుడు ఈ బిడ్డ మాటలో అర్థమైంది.

దేవరకొండ_దారి
నాకు తెలిసిన ఒకాయన తక్కువ ధరకు, ఒక్క రోజులో పంపించేస్తానన్నాడు. రెండు వారాలు, డైలేషన్ ఇవన్నీ పెద్దాసుపత్రుల బిల్లు కోసమే అంటున్నాడు. నిజమేనా?

డ్యూటీ_సిస్టర్
కాదు. వెజైనోప్లాస్టీ చేసి ఒక్క రోజులో ఇంటికి పంపేవాడి దగ్గరికి పోకు. ఆపరేషన్ తర్వాత పేగుకూ కొత్త దారికీ మధ్య రంధ్రం పడే ప్రమాదం అరుదుగానైనా ఉంటుంది. రక్తస్రావం ఉంటుంది, ఇన్ఫెక్షన్ ఉంటుంది. వాటిని చూసుకునే ప్లాస్టిక్ సర్జన్, యూరాలజిస్ట్, రక్తం, ఐసీయూ ఉన్నాయా అని అడుగు. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారని అడుగు. దానికి సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చెయ్.

వెంటనే పరిగెత్తాల్సినవి అందరూ స్క్రీన్‌షాట్ తీసుకోండి. 100.4 దాటిన జ్వరం. గంటలో ప్యాడ్ మొత్తం తడిసే రక్తం. కాథెటర్ తీశాక పొట్ట ఉబ్బి గంటల తరబడి మూత్రం రాకపోవడం. చీము, భరించలేని వాసన, ఎర్రగా వేడిగా పాకే వాపు. కొత్త దారిలోంచి గాలి గానీ మలం గానీ రావడం. పిక్క వాపు, ఆయాసం ముందే చెప్పాను.

నిర్వాహకులు
మంచి చర్చ. డాక్టర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, గాయాల ఫోటోలు ఇక్కడ పెట్టకండి. మందుల మోతాదులు కూడా రాయకండి.

వనపర్తి_అమ్మ
నా కొడుకుకు ఛాతీ ఆపరేషన్ అయింది. నేను పెద్దగా చదువుకోలేదు, వాడే ఇది టైప్ చేస్తున్నాడు. మూసీ ఒడ్డు బిడ్డా, మీ అమ్మకు ఈ మాట చదివి వినిపించు. అమ్మలకు కూడా ఆ రోజులు చానా కష్టం. ఆసుపత్రిలో రాత్రిళ్లు కూర్చునే ఉంటాం, తిండి సయించదు. ఊళ్లో ఏం చెప్పాలన్న దిగులు ఒకటి. నేను కడుపు ఆపరేషన్ అని చెప్పాను, ఎవరూ మళ్లీ అడగలేదు. చూడ్డానికి వచ్చేవాళ్లను వాకిట్లోనే కూర్చోబెట్టి చాయ్ పోసి పంపించాను. డాక్టర్ జనాల్ని రానివ్వొద్దన్నాడు, ఇన్ఫెక్షన్ వస్తదట అంటే ఎవరికీ కోపం రాదు.

పప్పు నేనూ పెట్టలేదు మొదట. ఆసుపత్రి నర్సమ్మ నాకు ఎదురుగా కూర్చుని, గోడ కట్టాలంటే ఇటుక కావాలా వద్దా అంది. అప్పుడు పెట్టాను. జొన్నరొట్టె, పప్పు, రోజూ గుడ్డు, పాయ సూప్. పుల్లటివి మాత్రం నా తృప్తి కోసం కొన్ని రోజులు ఆపాను, దానికి వాడు ఒప్పుకున్నాడు.

డ్యూటీ_సిస్టర్
అమ్మా, పులుపు కొన్ని రోజులు ఆపితే ఏ నష్టం లేదు. మీలాంటి అమ్మ ఉన్న పేషెంట్ తొందరగా లేస్తాడు.

అచ్చంపేట_గాలి
ఎవరూ మనసు గురించి రాయలేదు. పెద్దమ్మ ఒక్కరే అన్నారు. కోరుకున్న ఆపరేషన్ అయ్యాక నేను రెండో వారంలో పొద్దున లేస్తే ఏడుపు, పడుకుంటే ఏడుపు. ఎందుకు చేయించుకున్నానా అన్న ఆలోచన కూడా వచ్చింది. ఆ ఆలోచనకే నాకు ఇంకా భయమేసింది. ఎవరికైనా చెబితే "చూశావా, మేం ముందే చెప్పాం" అంటారని నోరు మూసుకున్నాను. తర్వాత చెకప్‌లో డాక్టర్‌తో అంటే, నొప్పి, నిద్ర లేకపోవడం, మత్తు, హార్మోన్లు ఆగడం అన్నీ కలిసి చాలా మందికి ఇట్లా అవుతుందన్నారు. నాకు వారాల మీద తగ్గింది. ఇప్పుడు నా శరీరం నాది అనిపిస్తుంది, ఒక్క రోజు కూడా బాధపడలేదు.

మూసీ ఒడ్డు, ఏ టైంలో ఫోన్ చేసినా ఎత్తే ఇద్దరి పేర్లు ఇప్పుడే రాసి పెట్టుకో. దిగులు రెండు వారాలు దాటి తగ్గకపోయినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆగకుండా డాక్టర్‌కు చెప్పు. టెలీ మానస్ 14416 కు చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు.

జడ్చర్ల_జంక్షన్
కాగితాల సంగతి కూడా చెప్పండి ఎవరైనా. ఆపరేషన్ అయిందన్న కాగితం నేను డిశ్చార్జ్ రోజు అడగలేదు, తర్వాత దాని కోసం మళ్లీ హైదరాబాద్ చుట్టూ తిరగాల్సి వచ్చింది.

తమ్ముడు_నకిరేకల్
అక్క కోసం నేను చదివింది చెబుతాను. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టంలో సెక్షన్ 7 ఉంది. ఆపరేషన్ తర్వాత ఆడ లేదా మగ అని ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ మార్పించుకోవాలంటే ఆసుపత్రి మెడికల్ సూపరింటెండెంట్ గానీ చీఫ్ మెడికల్ ఆఫీసర్ గానీ ఇచ్చిన కాగితంతో కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టాలి. అందుకే డిశ్చార్జ్ సమ్మరీతో పాటు ఆ కాగితం కూడా అడగాలి. ఖర్చుకు ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ అని 2022లో ప్రకటించారు, ఏడాదికి 5 లక్షల దాకా. ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే. మీ ఆసుపత్రి ఆ జాబితాలో ఉందా అని డేట్ ఖాయం చేసుకునే ముందే తెలుసుకోండి.

కల్వకుర్తి_చెల్లె
@తమ్ముడు_నకిరేకల్ మీ అక్క అదృష్టవంతురాలు. ఆసుపత్రిలో దగ్గరుండే మనిషి డిశ్చార్జ్ రోజు మందుల చీటీ చదివించుకుని, ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి అని కవర్ల మీద తెలుగులో రాయించుకోవాలి. ఆ పని నువ్వు తీసుకో. నొప్పిలో ఉన్న మనిషికి ఏదీ గుర్తుండదు.

మూసీ_ఒడ్డు
అమ్మకు అన్నీ చదివి వినిపించాను. వనపర్తి అమ్మ పోస్ట్ రెండుసార్లు చదివించుకుంది. పప్పుకు ఒప్పుకుంది, గుడ్డుకు ఇంకా ఒప్పుకోలేదు. గురువమ్మకు ఫోన్ చేశాను. నీళ్ల సంగతి డాక్టర్ చెప్పినట్టే చెయ్ అంది, కానీ మొదటి పదిహేను రోజులు హైదరాబాద్‌లో మా గురుభాయిల్లో ఒకరు వంతుల వారీగా వచ్చి ఉంటారట. గది ఖర్చు కూడా ఇంటి తరఫున సగం పెడతానంది. నేను అడగను కూడా లేదు.

ఇంకొక్క ప్రశ్న. ఊళ్లో కరెంటు పోతే నీళ్ల మోటార్ నడవదు. కడుక్కోవడానికి నిల్వ పెట్టిన నీళ్లు వాడొచ్చా?

డ్యూటీ_సిస్టర్
వాడొచ్చు. మూత ఉన్న డ్రమ్ముది అయితే మరిగించి చల్లార్చి వాడు, చేతులు ముందు సబ్బుతో కడుక్కో. బోరు నీళ్లు నేరుగా కుట్ల మీద పోయకు. మెత్తటి బట్టతో అద్దినట్టు తుడువు, రుద్దొద్దు. ముందు నుంచి వెనక్కి మాత్రమే తుడవాలి.

సూర్యాపేట_పెద్దమ్మ
బిడ్డా, కమోడ్ కుర్చీ కొనకు. మా ఇంట్లో ఒకటి ఉంది, పోయినేడు మా చేలా (శిష్యురాలు) కోసం తెచ్చాం. కడిగి ఎండలో పెట్టి ఉంచుతాను. సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు మా పిల్లలు ఎట్లాగూ వస్తూ పోతూ ఉంటారు, సంక్రాంతి లోపల పంపిస్తాను. గుడ్డు సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతాను, మెసేజ్‌లో నంబర్ పెట్టు.

తమ్ముడు_నకిరేకల్
పెద్దమ్మా, మీకు దగ్గరే కదా మాది. నాకు వ్యాన్ ఉంది, నేను తీసుకెళ్లి దింపుతాను. ఎప్పుడు రమ్మంటారో చెప్పండి.